ప్రతిసారీ మూడో నెలలోనే చేతులెత్తేస్తున్నాను: మనసును గట్టిపరచుకోవడం ఎలా?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు. బీకాం చదివి, ఊళ్లోనే ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తూ, రెండున్నరేళ్లుగా సీఏ ఇంటర్మీడియట్ పరీక్షకు చదువుతున్నాను. మూడు పేపర్లుండే మొదటి గ్రూపు ఇప్పటికి రెండుసార్లు రాశాను. మొదటిసారి లా పేపరులో 37 మార్కుల దగ్గర ఆగిపోయాను. రెండోసారి అకౌంట్సులో 46, లాలో 52, టాక్సులో 44 వచ్చాయి. పేపరుకు 40 చొప్పున అన్నీ దాటాను గానీ, గ్రూపు మొత్తం మీద 300కు 150 రావాలన్న నిబంధన దగ్గర 142తో మిగిలిపోయాను. ఆ ఎనిమిది మార్కుల గురించి ఏడవడానికి ఇక్కడికి రాలేదు. నాకు అంతుపట్టని సంగతి వేరే ఉంది.

ప్రతిసారీ నేను ఒకే చోట కూలబడుతున్నాను. కొత్త నోటుపుస్తకం కొంటాను, గళ్లు గీసి రోజుకు ఆరు గంటల టైంటేబులు వేస్తాను, మొదటి నెలలో ఆ గళ్లన్నీ పచ్చసిరాతో నిండుతాయి. రెండో నెలలో అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తాయి. మూడో నెలలో ఏదో ఒకటి అడ్డం వస్తుంది: దుకాణంలో సరుకు లెక్కింపు, దగ్గరి బంధువుల పెళ్లి, పాపకు జ్వరం. ఒక రోజు పోతే దాన్ని పూడ్చాలని మరుసటి రోజుకు తొమ్మిది గంటలు రాసుకుంటాను. అది ఎలాగూ జరగదు, నాలుగో రోజుకల్లా ఆ పుస్తకం తెరవడానికే ముఖం చెల్లదు. నిన్న బీరువా సర్దుతుంటే అటువంటి పుస్తకాలు నాలుగు దొరికాయి. నాలుగింట్లోనూ ముప్పై, నలభై పేజీల తర్వాత తెల్లకాగితాలే.

ఇంట్లోవాళ్లను తప్పుపట్టే పరిస్థితి లేదు. సాయంత్రం ఏడు నుంచి పాపను మా అత్తమ్మే చూసుకుంటారు, రెండుసార్లూ ఫీజు కట్టేటప్పుడు మా ఆయన ఒక్క మాట అనలేదు. అందుకే తప్పు నా మనసులోనే ఉందనిపిస్తోంది. 2025 నవంబరు 2న మన మహిళల క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి, టీవీలో మా జిల్లా అమ్మాయి శ్రీచరణి కనిపించగానే మా మేనమామ, "మనసు గట్టిదైతే కడప జిల్లా పల్లె నుంచి కూడా అక్కడిదాకా పోవచ్చు, చూడు" అన్నారు. నన్ను ఉద్దేశించి అన్నారో లేదో తెలియదు, నాకు మాత్రం గుచ్చుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, ఫోను తీసుకుపోయి అత్తమ్మ చేతికి ఇచ్చేయడం, గ్రూపు పాసయ్యేదాకా కొత్త చీర కట్టనని మొక్కుకోవడం, అన్నీ చేసి చూశాను. మానసిక దృఢత్వం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకోగలిగినదా? నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే రోజువారీగా ఏం చేశారో చెప్పండి. ధైర్యవచనాలు మాత్రం దయచేసి వద్దు. అవి నా ఫోనులో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

మైదానం మాస్టారు (అనంతపురం) సమాధానం:

అమ్మా, నేను ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఇప్పుడు తెల్లవారుజామున ఆర్ట్స్ కళాశాల మైదానానికి వెళ్లి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలను పరుగెత్తిస్తుంటాను. సీఏ చదువు గురించి నాకు బొత్తిగా తెలియదు. అయితే 'మూడో నెల' అని మీరు రాసినచోట ఆగి రెండుసార్లు చదివాను, ఎందుకంటే మా పిల్లలు ఆగిపోయేది మూడో చుట్టులో.

దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తిచేయాలి, ఆడపిల్లలకు 10 నిమిషాల 30 సెకన్లు ఇస్తారు. 400 మీటర్ల ట్రాకు మీద అది నాలుగు చుట్లు. అంటే మగపిల్లవాడికి చుట్టుకు రెండు నిమిషాలు దొరుకుతాయి, అది గొప్ప వేగమేమీ కాదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది మొదటి చుట్టును నిమిషం ఇరవై ఐదు సెకన్లలో కొట్టేస్తారు. పక్కవాడు దూసుకుపోతుంటాడు, ఒంట్లో కొత్త ఉత్సాహం ఉంటుంది, గట్టు మీద చూసేవాళ్లుంటారు. రెండో చుట్టుకు ఒకటీ నలభై ఐదు పడుతుంది. మూడో చుట్టు మలుపు తిరిగేసరికి నోరు ఎండి, డొక్కలో పోటు వచ్చి, నడుము మీద చేయి వేసుకుని నడక మొదలుపెడతారు. దగ్గరికి పోయి అడిగితే, "సార్, నాకు మనసు గట్టిగా లేదు" అంటారు. నేను నమ్మను. మొదటి చుట్టులో ఆదా చేశాననుకున్న ముప్పై ఐదు సెకన్లకు ఆ పిల్లవాడు మూడో చుట్టులో వడ్డీ కడుతుంటాడు.

మీ ఆరు గంటల టైంటేబులు నాకు అచ్చం ఆ నిమిషం ఇరవై ఐదు లాగే కనిపిస్తోంది. దుకాణం, ఇల్లు, చిన్నపాప ఉన్న మనిషి నెల రోజులపాటు రోజుకు ఆరు గంటలు చదవగలగడమే విశేషం. మీరు గర్వపడుతున్న మొదటి నెలే మీ మూడో నెలను తినేస్తోందేమో ఒకసారి చూసుకోండి.

శింగనమల వైపు నుంచి ఒక పిల్లవాడు వచ్చేవాడు. లారీల మీద పనిచేసిన ఒళ్లు, ఉక్కులాంటి కాళ్లు, మొదటి చుట్టులో ఎవరికీ అందేవాడు కాదు. నాలుగు చుట్లు మాత్రం ఒక్కసారీ పూర్తి చేయలేదు. ఎన్నిసార్లు చెప్పినా కాళ్లు వినేవి కావు, అందుకని స్టాప్‌వాచిని అతని గుప్పిట్లోనే పెట్టాను. ప్రతి చుట్టు చివరా నా దగ్గరికి వచ్చి అంకె చూపించాలి. 1:58 చూపిస్తే భుజం తట్టేవాణ్ణి, 1:40 చూపిస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి. తనకంటే బలహీనులు తనను దాటిపోతుంటే వాడికి ఏడుపొచ్చేది. ఒకరోజు వాచిని ఇసుకలోకి విసిరేశాడు కూడా. (పగలలేదు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అద్దం మీద గీత పడింది.) ఆరు వారాలకు 7:41లో పూర్తిచేశాడు. ఆ పిల్లవాడు నేర్చుకున్న గట్టిదనమల్లా మొదటి చుట్టులో తనను తాను పట్టుకోవడం. చూసేవాళ్లకు అది గట్టిదనంలా కనిపించదు.

ఇంకొకటి. మూడో చుట్టును విడిగా సాధన చేయించాలి. వారానికి రెండుసార్లు 800 మీటర్లు పరుగెత్తించి, నిమిషంసేపు నడిపించి, ఆ అలసిన కాళ్లతోనే ఒక్క చుట్టు సరిగ్గా రెండు నిమిషాల్లో తిప్పిస్తాను. అలసట అప్పటికి పాత చుట్టం అయిపోతుంది, పరీక్షనాడు భయపెట్టదు. మీరు కూడా వారానికి రెండు రోజులు, దుకాణం నుంచి వచ్చి 'ఈరోజు నావల్ల కాదు' అనిపించిన వేళనే పాతిక నిమిషాలు కూర్చుని ఒకే ఒక లెక్క చేయండి. అంతకంటే ఎక్కువ చేయకండి. చేయాలనిపించినా లేచిపోండి.

బురుజు నీడ (కర్నూలు) సమాధానం:

మాస్టారు చెప్పినదానికి కొసరు మాత్రమే చేర్చగలను. నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను.

పుట్టుకతో వచ్చేదా అని అడిగారు. స్వభావంలో వారసత్వానికి వాటా ఉన్నమాట నిజమే, అయితే దృఢత్వం అనేది ఒకే ముద్దగా ఉండే గుణం కాదు. బ్రిటన్‌కు చెందిన పీటర్ క్లఫ్, ఆయన సహచరులు 2002లో దీన్ని నాలుగు పాయలుగా విడదీశారు: పరిస్థితి మన చేతిలో ఉందన్న భావన, పట్టిన పని మీద నిబద్ధత, కష్టాన్ని సవాలుగా చూడగలగడం, తన మీద తనకు నమ్మకం. ఒకే మనిషిలో ఈ నాలుగూ సమపాళ్లలో ఉండవు. రెండున్నరేళ్లుగా, నాలుగు పుస్తకాలు మధ్యలో ఆగిపోయిన తర్వాత కూడా, ఐదో పుస్తకం గురించి ఆలోచిస్తున్న మీకు నిబద్ధత తక్కువైందని నేను అనుకోను. దెబ్బతిన్నది చివరిది, మీ మీద మీకున్న నమ్మకం.

అది ఎలా దెబ్బతింటుందో చెప్పడానికి ఒక ప్రయోగం ఉపయోగపడుతుంది. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పే పాత స్టాన్‌ఫర్డ్ పరీక్ష గురించి చాలామంది వినే ఉంటారు. ఆగిన పిల్లలు మనోబలం గలవాళ్లనీ, ఆగనివాళ్లు లేనివాళ్లనీ లోకం చాలాకాలం అనుకుంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం ఆ పరీక్షకు ముందు మరొక చిన్న ఘట్టాన్ని చేర్చి, 2013లో ఫలితాలు ప్రచురించింది. 28 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. బొమ్మలు వేసుకోవడానికి రంగులు ఇచ్చి, 'ఇంతకంటే మంచి రంగులు తెచ్చిస్తాను, ఆగు' అని చెప్పి వెళ్లిన పెద్దమనిషి ఒక జట్టుకు నిజంగానే తెచ్చి ఇచ్చాడు, రెండో జట్టు దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి లేవన్నాడు. ఆ తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు ఆగింది 3 నిమిషాలు. ఈ రెండో జట్టు పిల్లలను మనోబలం లేనివాళ్లని ఎలా అంటాం? ఇస్తానన్నది ఇవ్వడని తెలిసినవాడి కోసం ఎవరు మాత్రం ఎందుకు ఆగుతారు?

మీ విషయంలో మాట ఇచ్చేది మీరే, వినేదీ మీరే. 'రేపు తొమ్మిది గంటలు' అని రాసిన ప్రతిసారీ మీ మనసు ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఆ పెద్దమనిషినే చూస్తోంది. అందుకే నెరవేరడం ఖాయమైనంత చిన్న మాట ఇచ్చుకుని, దాన్ని వారాల తరబడి నిలబెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి కనిపించదు. ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పింది కూడా ఇదే: ఒక పని చేయగలనన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం, ఆ పనిని ఇదివరకు చేసి ఉండటం. ఇతరులను చూడటం, ఇతరులు చెప్పగా వినడం దాని తర్వాతివే. మీ ఫోనులోని ప్రసంగాలు పనిచేయకపోవడానికి కారణం ఇందులోనే ఉంది.

ఇక రోజువారీ పద్ధతి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనలో, 'నేను చదువుతాను' అన్న సంకల్పానికీ, 'ఫలానాది జరగగానే ఫలానా చోట ఫలానా పని మొదలుపెడతాను' అన్న సంకల్పానికీ చాలా తేడా కనిపించింది. క్రిస్మస్ సెలవుల్లో ఒక వ్యాసం రాసి పంపమని విద్యార్థులను కోరినప్పుడు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పూర్తిచేశారు. నిర్ణయించుకోనివాళ్లలో పూర్తిచేసింది మూడో వంతే. గడియారంలో 7 గంటలు అని రాసుకోకండి, మీ ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఒక సంఘటనను పట్టుకోండి. పాపకు జ్వరం వచ్చిన రోజుకు కూడా ముందే ఒక వాక్యం రాసి ఉంచుకోండి: 'ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే, ఆ రోజు లా పుస్తకంలో ఒక పేజీ మాత్రమే చదువుతాను.' అది చదువు కోసం కాదు, మర్నాడు పుస్తకం తెరవడానికి ముఖం చెల్లడం కోసం.

ఒక రోజు పోతే అంతా పోయిందన్న భయం కూడా వద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ కనిపించలేదు. మీ విషయంలో కూడా నష్టం చేస్తున్నది పోయిన రోజు కాదనీ, దాన్ని పూడ్చడానికి వేసుకున్న తొమ్మిది గంటల శిక్షేననీ నా అనుమానం.

మాస్టారితో ఒక్కచోట విభేదిస్తాను. అలసిన వేళ కూర్చోవడం సాధనగా మంచిదే గానీ, కొత్త పాఠాన్ని ఆ వేళకు పెట్టుకోవద్దు. ఇదివరకు చేసిన లెక్కనే మళ్లీ చేయండి.

ముంగారు రైతు (కళ్యాణదుర్గం) సమాధానం:

అందరూ వదలకుండా ఉండటం గురించే చెబుతున్నారు కాబట్టి, వదలడం గురించి నేను చెబుతాను. కొంచెం చేదుగా ఉంటే మన్నించాలి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. మా నాయన ప్రతి ముంగారులోనూ శెనక్కాయే విత్తేవాడు. నాకు లెక్క తెలిసిన పదకొండేళ్లలో పెట్టుబడి చేతికొచ్చింది మూడేళ్లు. ఊళ్లో అందరూ ఆయనను గుండె గల మనిషి అనేవారు. అప్పు మాత్రం ఆ గుండెను చూసి తగ్గలేదు. పట్టుదల అనే మాట ఎవరైనా పొగడ్తగా వాడితే నాకు ఇప్పటికీ ఒంట్లో ఏదో కదులుతుంది.

సేద్యం నా చేతికి వచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎండలు మండే మే నెలలో, మబ్బు తునక కూడా లేనప్పుడు, గోడ మీది క్యాలెండరులో జులై 31 చుట్టూ సున్నా చుడతాను. ఆలోగా విత్తనం పదును వాన పడితే శెనక్కాయ. పడకపోతే ఆ ఏడు శెనక్కాయ మాట ఎత్తను. ఆ తర్వాత వాన వస్తే కందో కొర్రో, మరీ ఆలస్యమైతే ఉలవ. మేలోనే ఎందుకంటే, ఆగస్టు 4న వాన పడితే ఆ మట్టి వాసనకు చేయి దానంతటది శెనక్కాయ మూట మీదికి పోతుంది. అప్పుడు బుద్ధి పనిచేయదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఊడలు దిగే దశలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే పైరు తలవాల్చేస్తుంది. పొద్దున చేలోకి పోయి చూస్తే దున్నేయాలనిపిస్తుంది. చాలాసార్లు ఒక్క వానకు అదే పైరు లేచి నిలబడటం చూశాను. వాడిన పైరును చూస్తూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

మీరు కూడా ఎన్నిసార్లు రాస్తారో, ఏ ఫలితం వస్తే ఆపుతారో, మనసు నెమ్మదిగా ఉన్న రోజు చూసి కాగితం మీద పెట్టండి. ఆ తేదీ వచ్చేదాకా ఆపడం గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. అంతకంటే ముందు ఇంకొకటి అడుగుతాను. ఈ సీఏ మీకు కావాలా, ఎవరికోసమైనా చదువుతున్నారా?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. రైతుగారి ప్రశ్నకు వెంటనే సమాధానం రాయలేకపోయాను, రెండు రోజులు పట్టింది. మొదట్లో అది మా నాన్నగారి కోరికే. ఆయన ఒక ఆడిటరు దగ్గర గుమస్తాగా చేశారు, ఇప్పుడు లేరు. అయితే దుకాణంలో నెలాఖరున జీఎస్‌టీ లెక్క కుదరక రాత్రి పదింటిదాకా కూర్చున్నప్పుడు, తేడా దొరికిన క్షణంలో నాకు కలిగే సంతోషం మా నాన్నది కాదు, నాదే. కాబట్టి చదువు నాదే అనుకుంటున్నాను.

మాస్టారూ, మీ మొదటి చుట్టు సంగతి చదివాక నాకు పరీక్ష హాలు గుర్తొచ్చింది. మూడు గంటల పేపరుకు 100 మార్కులు, అంటే 14 మార్కుల ప్రశ్నకు ఇంచుమించు పాతిక నిమిషాలు దొరుకుతాయి. టాక్సు పేపరులో మొదటి పెద్ద ప్రశ్న నాకు బాగా వచ్చినది కావడంతో, కొట్టివేతలు లేకుండా అందంగా రాయాలని నలభై ఐదు నిమిషాలు పెట్టాను. చివర ఒక ప్రశ్న మొత్తం వదిలేశాను. ఆ ఎనిమిది మార్కులు అందులోనే పోయాయి. ఇన్నాళ్లూ దాన్ని నా మతిమరుపు ఖాతాలో రాసుకున్నాను.

మీరంతా చెప్పింది చదివాక ఆరు గంటలను గంటన్నరకు తగ్గించుకుందామనుకుంటున్నాను. ఒక్క సందేహం. రోజుకు గంటన్నర మాత్రమే చదివితే పాఠ్యభాగం పూర్తవుతుందా అన్న భయాన్ని ఏం చేయాలి?

రాత్రి డ్యూటీ (కడప) సమాధానం:

నేను నర్సును. భయానికి సమాధానం పైవాళ్లు చెబుతారు గానీ, ఎవరూ అడగని సంగతి ఒకటి అడుగుతాను. మూడో నెలలో మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? నాలుగింటికి లేచేవారు పదకొండింటికి పడుకుంటే అది దృఢత్వం కాదు, అప్పు. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తల బరువెక్కడం ఉన్నా మన ఇళ్లలో దాన్ని బద్ధకం అనేస్తారు.

ఇంకొక మాట, ఇది చదివే ఇతరుల కోసం కూడా. రెండు వారాలకు మించి ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, బతకడమే బరువనిపించడం ఉంటే, మనసును గట్టిచేసుకోవాలని పళ్లు బిగబట్టి కూర్చోవద్దు. వైద్యుణ్ణి కలవండి. మానసిక ఆరోగ్య సహాయం కోసం ఉన్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మైదానం మాస్టారు (అనంతపురం):

నర్సమ్మ చెప్పింది ముందు చేయండి. మేము కూడా ఒళ్లు చూసుకున్నాకే ట్రాకు ఎక్కిస్తాం.

గంటన్నర చాలుతుందా అన్న ప్రశ్నకు మీ పాత పుస్తకాలే సమాధానం. ఒక్కో పుస్తకంలో పచ్చగళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ పుస్తకం గంటలను ఆరునెలల రోజులతో భాగించండి. వచ్చిన అంకెను ఇక్కడ చెప్పండి.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు), ఆరు వారాల తర్వాత:

మాస్టారూ, ఆ లెక్క అప్పుడే వేశాను, చెప్పడానికి సిగ్గుపడి ఆగాను. ఆరు గంటల టైంటేబులు వేసుకున్న ఒక్కో ఆరునెలల్లో నేను నిజంగా చదివింది సగటున రోజుకు గంటా పది నిమిషాలు. గంటన్నరకు భయపడాల్సిన అవసరమే లేదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు సాయంత్రం మా అత్తమ్మ పాపకు అన్నం కలపడానికి ఇత్తడి గిన్నె తీసుకున్న చప్పుడు వినగానే, నేను లేచి ముందుగదిలో లైటు వేస్తున్నాను. గడియారం చూడటం మానేశాను. ఆ గిన్నె ఒకరోజు ఏడింటికి మోగుతుంది, ఒకరోజు ఏడున్నరకు. గంటన్నర కాగానే పుస్తకం మూసేస్తున్నాను. మొదటి రెండు వారాలు మూసేయడమే కష్టమైంది, ఇంకో లెక్క చేయాలని చేయి లాగేది. నలభై రెండు రోజుల్లో ఐదు రోజులు తప్పాయి. అందులో మూడు రోజులు పాపకు వాంతులు, ఆ మూడు రోజులూ లాలో ఒక్కొక్క పేజీ చదివాను కాబట్టి వాటిని తప్పినట్టు రాయాలో వద్దో తెలియలేదు. సగం గడి నింపాను.

హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. మాత్రలు వాడుతున్నాను. రైతుగారు చెప్పినట్టు కాగితం కూడా రాసి, మా ఆయనతో సంతకం పెట్టించి బీరువా తలుపు లోపలివైపు అంటించాను. మొదటి గ్రూపు ఇంకా రెండుసార్లు రాస్తాను. రెండుసార్లూ 150 దాటకపోతే సీఏ ఆపి, దుకాణం పని చేసుకుంటూనే ఎంకాం కడతాను. ఆ కాగితం అంటించిన రాత్రి చాలాకాలం తర్వాత బాగా నిద్రపట్టింది. ఎందుకో నాకు ఇంకా సరిగా తెలియదు.

మూడో నెల రాబోతోంది. దుకాణంలో సరుకు లెక్కింపు ఆ నెలలోనే. మాస్టారూ, మూడో చుట్టు మలుపు దగ్గర నిలబడి మీరు పిల్లలకు ఏమని అరుస్తారు?

మైదానం మాస్టారు (అనంతపురం):

ఏమీ అరవనమ్మా. వాచి చూసి ఎంతయిందో చెబుతాను. 'మూడు యాభై ఎనిమిది' అంటాను. వాళ్లు తల ఊపి పోతారు.

సరుకు లెక్కింపు వారంలో ఎన్ని గళ్లు నిండాయో ఇక్కడ రాయండి. సగం గళ్లు కూడా లెక్కలోకి తీసుకుంటాను.